నురుగు నిలబడింది!

మూత తీయగానే ‘టిస్స్’మంది. గ్లాసులో పోస్తే రెండు వేళ్ల మందాన నురుగు లేచి, సగం తాగేదాకా అలాగే నిలబడింది. కిట్‌తో ఇంట్లో చేసుకున్న బీరు ఇది! ఎంత సంతోషంగా ఉందో.

ఈసారి మార్చింది ముఖ్యంగా ఒక్కటే. కిట్‌లో వచ్చే మాల్ట్ పాకం డబ్బాతో పాటు వేయమనే కిలో పంచదార బదులు కిలో పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ సారం పొడి) వేశాను. పంచదారనైతే ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) దాదాపు మొత్తం తినేస్తుంది, బీరు నీళ్లనీళ్లగా అయిపోతుంది. మాల్ట్‌లో ఈస్ట్ తినలేని డెక్స్‌ట్రిన్లు అనే పిండి పదార్థాలు, నురుగును పట్టి ఉంచే ప్రొటీన్లు ఉంటాయి. ఆ చిక్కదనం వాటివల్లే. 20 లీటర్లకు 200 గ్రాముల మాల్టోడెక్స్‌ట్రిన్ (విడిగా దొరికే డెక్స్‌ట్రిన్ పొడి) కలిపినా చిక్కబడుతుంది కానీ, రుచి రాదు. నా ఓటు మాల్ట్‌కే.

గ్యాస్ కోసం లీటరుకు 7 గ్రాముల చొప్పున పంచదార కొద్ది నీళ్లలో మరిగించి, చల్లార్చి, మొత్తం బీరులో మెల్లగా కలిపి సీసాల్లో నింపాను. ఒక్కో సీసాలో చెంచాతో వేస్తే ఒకటి పొంగిపోతుంది, ఇంకోటి చప్పగా ఉంటుంది. తర్వాత రెండు వారాలు 20 డిగ్రీలకు పైనే ఉంచాలి. తొందరపడి ఫ్రిజ్‌లో పెడితే ఈస్ట్ పని ఆపేస్తుంది, గ్యాస్ పట్టదు.

అన్నట్టు, హైడ్రోమీటర్ (బీరు సాంద్రత కొలిచే పరికరం) రీడింగ్ రెండు మూడు రోజులు కదలకుండా ఉంటేనే, అంటే పులియడం పూర్తయ్యాకే, సీసాల్లో నింపండి. లేదంటే సీసాలు పేలతాయి, ఇందులో మాత్రం రాజీ వద్దు.

తర్వాతి బ్యాచ్‌లో క్రిస్టల్ మాల్ట్ (రంగు, తీపి ఇచ్చే ఒక రకం మాల్ట్) గింజలు వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు కలిపి చూడాలనుంది. మీలో ఎవరైనా చేశారా?