కుక్కకు శుక్లాలు: కావలి చిట్టా, వైశాఖం నుంచి కార్తీకం దాకా

కుక్క పమేరియన్, ఆడది, 8 ఏళ్లు, 9 కిలోలు. నమోదు చేస్తున్నవి: రెండు కళ్ల స్థితి, తాగే నీళ్లు, షుగరు, కంటి పీడనం.

వైశాఖం

ఎడమ కంటిపాపలో తెల్లమచ్చ, కుడి కంట నీలం మసక. ఈ రెండూ ఒకటి కావు. ఆరేడేళ్లు దాటిన కుక్కల్లో కంటి కటకం గట్టిపడి నీలంగా కనబడడం మామూలే, దానివల్ల చూపు పెద్దగా తగ్గదు. తేడా తేల్చాలంటే గది చీకటి చేసి, టార్చిని మన కణత పక్కన పెట్టుకుని, బారెడు దూరం నుంచి దాని కళ్లలోకి వేయాలి. పచ్చటి మెరుపు పాపంతా నిండి వస్తే అది వయసు మసక. మెరుపులో ఎక్కడ నీడ అడ్డం పడితే అక్కడ శుక్లం ఉన్నట్టు. ఎడమ కంట మూడో వంతు నీడ, కుడి కంట మెరుపు నిండుగా ఉంది. తెలుపు నల్లగుడ్డు పైపొర మీదే ఉంటే అది పువ్వు, పాత గాయం మచ్చ. పక్కనుంచి చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత కారణం. కాకర్ స్పానియల్, పూడిల్ లాంటి జాతుల్లో శుక్లాలు వంశంలోనే వస్తాయి. మిగతా వాటిలో ముందు షుగరునే అనుమానించాలి. పొద్దున 2 లీటర్ల నీళ్లు కొలిచి పోసి, బాత్రూమ్ తలుపు వేసి, బకెట్లు బోర్లించి, మర్నాడు అదే వేళకు మిగిలింది కొలవాలి. కిలోకు 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ తాగుతున్నట్టే. ఇది 1,300 తాగింది. బాగా తింటూనే చిక్కిపోతోంది కూడా. రక్తంలో షుగరు 382 వచ్చింది. పిడుదుల జ్వరం పరీక్ష కూడా చేయించాలి. మన కోస్తాలో పిడుదులకు కరువు లేదు, ఆ జ్వరం తెచ్చే ఎర్లీకియా క్రిమి కంటి లోపల వాపు తెస్తే దాని వెనకే శుక్లమూ రావచ్చు. దీనికి ఆ పరీక్ష నెగిటివ్.

జ్యేష్ఠం

డాక్టరు ఇన్సులిన్ మొదలుపెట్టించారు, పూటకు 3 యూనిట్లు, 12 గంటల తేడాతో. ఎక్కువ పొరపాట్లు జరిగేది సిరంజి దగ్గరే. మన మందుల షాపుల్లో 40 యూనిట్ల సీసాలు, 100 యూనిట్ల సీసాలు రెండూ దొరుకుతాయి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. 40 సీసా మందును నారింజ సిరంజితో తీస్తే అసలు మోతాదులో సగం కూడా పడదు. తిరగేస్తే రెండున్నర రెట్లు పడి ప్రాణం మీదకొస్తుంది. కొన్న ప్రతిసారీ సీసా మీద అంకె, సిరంజి మూత రంగు కలిపి చూసుకోవాలి. తెల్లగా ఉండే ఈ రకం ఇన్సులిన్‌ను కుదపకూడదు, అరచేతుల మధ్య దొర్లించాలి. దాచేది ఫ్రిజ్ తలుపులో, ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

ముందు తిండి, తర్వాత సూది. పూటకు 60 గ్రాముల మొలగొలుకుల అన్నం, 90 గ్రాముల ఉడికించిన ఎముకల్లేని చికెన్, గుప్పెడు చిక్కుడుకాయ ముక్కలు. చేత్తో ఉజ్జాయింపుగా వేస్తే షుగరు రోజుకో తీరుగా ఉంటుంది, తక్కెడ తప్పదు. తినకపోతే పూర్తి మోతాదు వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. తూలడం, వణకడం కనిపిస్తే చిగుళ్లకు తేనె రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆషాఢం

కుడి కన్ను కూడా వారాల్లోనే తెల్లబడింది. షుగరు అదుపులోకి వస్తున్నా ఇలా జరగవచ్చు. ఎక్కువైన షుగరు కటకంలో సార్బిటాల్‌గా మారి నీళ్లు లాగుతుంది, కటకం ఉబ్బి తెల్లబడుతుంది. షుగరు కుక్కల్లో ఎక్కువ వాటికి ఏడాదిలోపే ఈ గతి. ఒకసారి తెల్లబడిన కటకాన్ని ఇన్సులిన్ వెనక్కి తేలేదు.

తెలుపు కంటే భయపడాల్సింది ఎరుపుకు. ఈ నెలలో ఎడమ కన్ను ఎర్రబడి, సగం మూసుకుని, పాప చిన్నదైపోయింది. కటకం లోపలి పదార్థం బయటికి ఊరి కంట్లో వాపు తెచ్చింది. పీడనం ఎడమ 7, కుడి 15. వాపుంటే పీడనం పడిపోతుంది. అదే 25 దాటితే నీటికాసులు (గ్లాకోమా) అనుమానించాలి, అది చూపును తిరిగి రాకుండా తీసుకుపోతుంది. డాక్టరు ముందు పచ్చ రంగు చుక్క వేసి పుండు లేదని చూసుకున్నారు, ఎందుకంటే పుండున్న కంట్లో స్టిరాయిడ్ చుక్క నల్లగుడ్డును కరిగించేస్తుంది. స్టిరాయిడ్ షుగరునూ పెంచగలదు కాబట్టి స్టిరాయిడ్ కాని కీటోరోలాక్ చుక్కలు, పూటకొకటి చొప్పున రోజుకు మూడు పూటలు రాశారు.

చుక్క వేసేటప్పుడు కుక్కకు ఎదురుగా నిలబడితే తల తిప్పేస్తుంది. వెనక కూర్చుని, దాని వీపును మన ఒడికి ఆనించి, గడ్డం కొంచెం ఎత్తి, పైరెప్పను బొటనవేలితో లాగి ఒక్క చుక్క వదలాలి. సీసా మొన కంటికి తగలకూడదు. రెండో మందుకు 10 నిమిషాలు ఆగాలి, లేకపోతే మొదటిది కడుక్కుపోతుంది. ఆయింట్‌మెంట్ ఉంటే అది చివర. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసి, నెలకు పారేయాలి.

తేనె, నందివర్ధనం రసం, సినరేరియా అనే హోమియో చుక్కలు ఇరుగుపొరుగు చెబుతూనే ఉంటారు. వాళ్లది మంచి మనసే, కానీ శుక్లాన్ని కరిగించే చుక్క ఏదీ లేదు. ఎర్రబడిన కంట్లో అవి మంటను పెంచుతాయి.

భాద్రపదం

ఆపరేషన్ సంగతి. కటకాన్ని అల్ట్రాసౌండ్ సూదితో పిండి చేసి పీల్చే ఫేకో పద్ధతి ఇది. దానికి కంటి విభాగం ఉన్న చోటికి వెళ్లాలి. ఇటువైపు వాళ్లకు చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఒక దారి, నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు. ముందుగా రెటీనా (కంటి వెనకుండే చూపు పొర) పనిచేస్తోందో లేదో ఈఆర్‌జీ అనే విద్యుత్ పరీక్షతో, అది ఊడిందో లేదో స్కానింగ్‌తో చూస్తారు. రెటీనా చచ్చిపోయి ఉంటే కటకం తీసినా చూపు రాదు. మనిషికి సాధారణంగా 20 డయాప్టర్ల (కటకం శక్తిని కొలిచే లెక్క) దరిదాపు కటకం పెడితే కుక్కకు 41 కావాలి. శుక్లం మరీ ముదిరి ముడతలు పడకముందే, వాపు తగ్గాకే చేయించాలి. ఆ తర్వాత వారాల తరబడి చుక్కలు, మెడకు కోన్, గొలుసు బదులు ఛాతీ పట్టీ. మెడ పట్టీ లాగితే కంట్లో పీడనం పెరుగుతుంది. రోజూ ఇన్నిసార్లు చుక్కలు వేసే మనిషి ఇంట్లో లేకపోతే ఆపరేషన్ చేయించకపోవడమే నయం.

కార్తీకం

చూపు పరీక్ష దూది ఉండతో. చప్పుడు, గాలి తగలకుండా ముక్కుకు ఎదురుగా వదిలితే కళ్లు వెంబడిస్తాయా అని చూడాలి. రెండు కళ్లూ వెంబడించడం లేదు. కంటి ముందు చెయ్యి ఊపితే గాలికే తల తిప్పి మనల్ని ఏమారుస్తుంది.

మంచం, గిన్నె, తులసికోట దారి కదపడం లేదు. మెట్ల మొదట్లో కొబ్బరిపీచు పట్టా పరిస్తే కాలికి తెలిసి ఆగుతోంది. డాబా తలుపుకు గొళ్లెం. ముట్టుకునే ముందు పిలవాలి, నిద్రలో తాకితే ఉలిక్కిపడి కరుస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఇది ముందే చెప్పి పెట్టాలి.

తాజా కొలతలు: షుగరు 150 నుంచి 230 మధ్య, నీళ్లు 620, పీడనం ఎడమ 13, కుడి 16. చుక్కలు ఇప్పుడు రెండు పూటలే. సంక్రాంతిలోపు ఈఆర్‌జీ చేయించాలి. ఈలోగా ఏ కన్ను ఎర్రబడినా, పెద్దదైనట్టు అనిపించినా, నల్లగుడ్డు నీలంగా మబ్బుపట్టినా అదే రోజు పీడనం చూపించాలి.