లాంగ్‌టర్మ్ ఏడాదిలో చెడ్డ రోజుకూ ఒక ప్రణాళిక ఉండాలి

విజయవాడలో నీట్ లాంగ్‌టర్మ్ (ఇంటర్ తరువాత మెడికల్ ప్రవేశ పరీక్ష మళ్లీ రాయడానికి ఏడాది పాటు తీసుకునే కోచింగ్) చదివిన అనుభవం గురించి జూనియర్లు అడిగినప్పుడల్లా వారు ఆశించేది బోటనీకి ఎన్ని గంటలు కేటాయించాలి, ఫిజిక్స్ ఏ పుస్తకం చదవాలి అన్న వివరాలే. అవి మీ లెక్చరర్లు నాకన్నా బాగా చెబుతారు. ఏ రోజు ఏం చదవాలో చెప్పే మైక్రో షెడ్యూల్‌లో ఎవరూ రాయని సంగతి వేరే ఉంది. మార్కులు పడిపోయి, ఇక బతకాలనే అనిపించని రోజు వస్తే ఎవరికి చెప్పాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది ముందే అనుకుని ఉండాలి. ప్రిపరేషన్‌లో దానిని కూడా ఒక భాగంగా చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం ఒక్క 2022లోనే మన దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వీరందరి మరణానికీ పరీక్షే కారణమని అనుకోవడం సరికాదు. వైద్యం అందని డిప్రెషన్, ఇంట్లో గొడవలు, అప్పులు, ఒంటరితనం, నిద్రలేమి లాంటివి చాలాసార్లు కలిసి వస్తాయి. పరీక్ష ఆ బరువును ఇంకా పెంచుతుంది. ఈ తేడాను గుర్తు పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే ర్యాంకు మన చేతిలో లేకపోయినా డిప్రెషన్‌కు వైద్యం ఉంది, మనసులోని మాట వినే మనుషులూ ఉన్నారు.

మా హాస్టల్‌లో తెల్లవారుజామున లేస్తే రాత్రి పొద్దుపోయే దాకా స్టడీ అవర్లే. ఆదివారం గ్రాండ్ టెస్టు, సోమవారం సాయంత్రం నోటీసు బోర్డు మీద మార్కుల జాబితా. ఆ జాబితాలో తమ పేరును పై నుంచి కాకుండా కింది నుంచి వేలు పెట్టి వెతుక్కునే అమ్మాయిలు ప్రతి సెక్షన్‌లోనూ ఉండేవారు. మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు, సెక్షన్ మారితే లెక్చరర్లూ స్నేహితులూ కూడా మారతారు. కష్టకాలంలో ఉన్న పిల్లను తెలిసిన ముఖాలకు దూరం చేయడం ఎంత ప్రమాదమో ఆ పద్ధతి పెట్టిన వారు ఆలోచించాలి.

నా పక్క మంచం అమ్మాయిది పల్నాడు. మొదట రాత్రి మెస్సుకు రావడం మానేసింది. ఒక ఆదివారం వాళ్లమ్మ క్యారేజీలో తెచ్చిన గోంగూర, కోడివేపుడు తాను ముట్టకుండా మాకే పంచింది. తరువాత ఒక రాత్రి, రంగు పెన్నులతో బొమ్మలు గీసి ఎంతో శ్రద్ధగా రాసుకున్న తన బోటనీ నోట్సు నా చేతికిచ్చి, "నువ్వు ఉంచుకో, నాకింక అక్కర్లేదు" అన్నది. తాను లేకపోతే నాన్నకు అప్పయినా తగ్గుతుందని అంతకుముందే ఒకసారి అన్నది. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అందరికీ భారమయ్యానని మాట్లాడటం, తిండీ నిద్రా మారిపోవడం, మనుషులకు దూరం జరగడం: ఇవి వైద్యులు చెప్పే హెచ్చరిక సంకేతాలు. ఇవి కలిసి కనిపిస్తే అలక అనుకుని వదిలేయకూడదు.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా నీకు?" అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని, లోపల దాచుకున్న మాట బయటపడే వీలు కలుగుతుందని మానసిక వైద్యులు చెబుతారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు, ఆ తరువాత అవునన్నది. ఎవరికీ చెప్పనని వాళ్లమ్మ మీద ఒట్టు వేయమని నా చేయి పట్టుకుంది. నేను వేయలేదు. "నేను ఒట్టు వేయను, నీతోపాటు మేడమ్ దగ్గరికి వస్తాను" అన్నాను. స్నేహం ఎంత గొప్పదైనా ఇలాంటి రహస్యం దాచకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. ఆమెకు కోపం వచ్చింది, కొన్ని రోజుల తరువాత తగ్గింది కూడా.

ఆ రాత్రి మేమెవరం ఆమెను ఒంటరిగా వదలలేదు. వార్డెన్ మేడమ్ ఇంటికి ఫోన్ చేశారు, తెల్లవారేసరికి అమ్మానాన్నలు వచ్చారు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో చూపించారు. డిప్రెషన్ అని తేల్చిన డాక్టరు గారు, మందులు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుందని, తగ్గినట్టు అనిపించగానే సొంతంగా ఆపేయవద్దని వాళ్ల నాన్నగారికి వివరించారు. ఆమె కొంతకాలం ఇంట్లో ఉండి కోలుకుంది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది.

ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసవుతుందని, పరువు పోతుందని వెనుకాడే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆలోచనలు వస్తున్నాయని డాక్టరుకు చెప్పుకోవడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. ప్రయత్నం చేసిన వ్యక్తిని సైతం తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని, సంరక్షణ కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కాలేజీల బాధ్యత గురించి సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ మరణించిన ఒక విద్యార్థిని తండ్రి న్యాయపోరాటం వల్ల వచ్చిన తీర్పు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హతగల కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలని, మార్కులను బట్టి బ్యాచులు విడదీయడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనపడేలా పెట్టాలని అందులో ఉంది. మీ క్యాంపస్‌లో కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో ఉంటారో ఈ వారమే కనుక్కోండి. లేకపోతే ఎందుకు లేరని మీ తల్లిదండ్రుల చేత అడిగించండి.

14416 అన్న నంబరును మీ టైమ్‌టేబుల్ పైన రాసుకోండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఖర్చు ఉండదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఏం చెప్పాలో తెలియకపోతే "నాకు బతకాలనిపించడం లేదు, ఒక్కదాన్నే ఉన్నాను" అంటే చాలు. ప్రాణాపాయం ఉందనిపిస్తే 112కు గానీ 108కి గానీ ఫోన్ చేయాలి. హాస్టల్‌లో ఫోన్ ఉండదు కనుక, ఏ వేళలోనైనా వార్డెన్ ఫోన్ ఇప్పించాలన్న మాట చేరేటప్పుడే తీసుకోమని తల్లిదండ్రులకు చెబుతున్నాను.

నిద్ర గురించి ఒక మాట. చదివింది జ్ఞాపకంగా స్థిరపడేది చాలావరకు నిద్రలోనే. రోజుల తరబడి నిద్ర లేకపోతే నిరాశ ఆలోచనలు కూడా ముదురుతాయి. నాలుగు గంటలు పడుకుని చదివానని గొప్పగా చెప్పేవారిని చూసి మీ నిద్ర తగ్గించుకోకండి.

ఇక ఫలితాల రోజు. ఆ రోజు ఒంటరిగా గదిలో ఉండి ర్యాంకు చూసుకోవద్దు. ఎవరి పక్కన కూర్చుని చూడాలో ముందే నిర్ణయించుకోండి. నీట్ మళ్లీ రాయడానికి ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు, పై వయోపరిమితీ లేదు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో బైపీసీ విభాగం ద్వారా అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫార్మసీ ఉన్నాయి. వీటి గురించి ఇంట్లో మాట్లాడవలసింది ఫలితం వచ్చాక కాదు, పరీక్షకు ముందే. సీటు రాకపోతే ఏం చేద్దామని నేను నాన్నను ఏప్రిల్‌లోనే ఫోన్‌లో అడిగాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, బాపట్ల అగ్రికల్చర్ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వస్తుందో కనుక్కోమన్నారు. నేను ఇప్పుడు అక్కడే చదువుతున్నాను. మీరు కూడా ఆ ఫోన్ పరీక్షకు ముందే చేయండి.