సంతకం కోసం కాకుండా ఎప్పుడైనా వచ్చారా?

"మూడేళ్లలో మీరు మా ఫ్యాక్టరీకి నాలుగుసార్లు వచ్చారు, నాలుగుసార్లూ ఏదో కాగితం మీద సంతకం కోసమే." ఆయన కోపంగా అనలేదు, లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు. జర్మన్లు మాట్లాడే తీరే అంత అని సర్దిచెప్పుకుందామనుకున్నాను గానీ ఇంటికొచ్చే రైల్లో కూడా ఆ మాట వదల్లేదు.

ఆయన యంత్రాల విడిభాగాలు చేసే కంపెనీలో ప్రొడక్షన్ చూసే పెద్దాయన. నేను జర్మనీలో, ప్రాక్టికల్ చదువుకి ప్రాధాన్యమిచ్చే ఒక అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో మెకానికల్ లెక్చరర్‌ని. ఆ రోజు వెళ్లింది రీసెర్చ్ ప్రాజెక్టుకి సపోర్ట్ లెటర్ అడగడానికి.

ముందు ఉక్రోషం వచ్చింది. మెయిల్ పెట్టి, చెప్పిన టైముకి వెళ్లి, మర్యాదగా అడిగాను కదా, ఇందులో తప్పేముంది? పని లేకుండా వెళ్లి ఆయన టైం తినడం బాగుంటుందా? మన కాలేజీల్లో నేను చూసిందీ అదే. ఎంఓయూ, దాని ఫొటో, ఏడాదికో ఇండస్ట్రియల్ విజిట్, ఒక గెస్ట్ లెక్చర్, చివర్లో ప్లేస్‌మెంట్ల కోసం హెచ్‌ఆర్ వాళ్లకి ఫోన్లు. మా సార్లకి మనసు లేక కాదు, క్లాసులు, ఇన్విజిలేషన్, అక్రెడిటేషన్ ఫైళ్లు పోగా మనిషికి ఇంకేం మిగులుతుంది? దీన్ని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. దారి లేదనీ అనను, బిట్స్ పిలానీ 1973 నుంచీ చదువులో భాగంగా పిల్లల్ని కంపెనీల్లో పనికి పంపే ప్రాక్టీస్ స్కూల్ నడుపుతోంది, కంపెనీల్లో పనిచేసినవాళ్లని క్లాసుకి తేవడానికి యూజీసీ 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' పెట్టింది.

కానీ టైం లేదనే వాదన ఇక్కడ నాకే నిలబడలేదు. మా ప్రొఫెసర్లకి వారానికి 18 గంటల క్లాసులు. అయినా కంపెనీలకి వెళ్తారు. ఆ పోస్టుకి మామూలుగా డాక్టరేట్‌తో పాటు కనీసం ఐదేళ్ల పని అనుభవం కావాలి, అందులో మూడేళ్లు యూనివర్సిటీ బయట చేసి ఉండాలి. అంటే వాళ్లకి కంపెనీల్లో పాత సహోద్యోగులుంటారు, ఏ పనీ లేకపోయినా ఫోన్ చేసుకుంటారు. నేను పీహెచ్‌డీ నుంచి నేరుగా బోర్డు ముందుకి వచ్చినదాన్ని. నాకు తెలిసినవాళ్లెవరూ లేరని బాధపడ్డాను గానీ, ఈ మూడేళ్లలో ఎవరినైనా తెలుసుకున్నానా?

వారం తర్వాత ఆయనకే రాశాను. సంతకం అక్కర్లేదు, ఒకరోజు మీ షాప్ ఫ్లోర్‌లో నిలబడి చూడనిస్తారా అని. సేఫ్టీ షూస్ ఏ సైజు కావాలి అని ఒక్క లైను జవాబు వచ్చింది.

ఆ రోజు మిల్లింగ్ మెషీన్ దగ్గర పనిచేసే ఒకాయన, మా దగ్గర్నుంచి ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన అబ్బాయి గీసిన డ్రాయింగ్ తెచ్చి చూపించాడు. ఒక మూత, దానికి నాలుగు రంధ్రాలు, అన్నిటికీ మిల్లీమీటరులో వందో వంతు టాలరెన్స్, అంటే కొలత అంతకు మించి తేడా రాకూడదని. "ఇందులోంచి బోల్టు దూరితే చాలు కదా, ఇంత కచ్చితత్వం ఎందుకు?" అని అడిగాడు. దానికోసం టూల్ మార్చాలి, వేగం తగ్గించాలి, ప్రతి రంధ్రాన్నీ కొలవాలి. బేరింగ్ కూర్చునే చోట అడిగితే న్యాయం, ఇక్కడ మామూలు కొలతలకి వాడే ఐఎస్ఓ 2768 ప్రమాణం ప్రకారం సాధారణ టాలరెన్స్ రాస్తే సరిపోయేది. ఆ అబ్బాయికి పాఠం చెప్పింది నేనే. కచ్చితంగా గీశాడని అలాంటి డ్రాయింగులకి ఫుల్ మార్కులు వేసింది కూడా నేనే. చాలా సిగ్గేసింది.

ఈ సెమిస్టర్‌లో ఆ మిల్లింగ్ మెషీన్ ఆయన్నే మా క్లాసుకి పిలిచాను. లెక్చర్ వద్దు, పిల్లల డ్రాయింగులు ముందు పెట్టుకుని కూర్చోండి చాలు అన్నాను. రెండు గంటలనుకున్నది నాలుగు గంటలైంది, ఒక్కొక్క కొలత దగ్గరా ఎందుకు, ఎందుకు అని అడుగుతూనే ఉన్నాడు, పిల్లలు కూడా కదల్లేదు. పరీక్షలో ఇప్పుడు ప్రతి టాలరెన్స్‌కీ కారణం రాయమంటున్నాను.

వెళ్తూ వెళ్తూ ఆయన కాస్త మొహమాటపడుతూ అడిగాడు. వాళ్ల కొత్త అప్రెంటిస్‌లకి స్ట్రెస్ లెక్కలు, అంటే బరువు పడితే లోహం లోపల పుట్టే ఒత్తిడి లెక్కలు, ఎక్కట్లేదట, ఒక సాయంత్రం వచ్చి చెప్తారా అని. గురువారం వెళ్తున్నాను.