నీడ లేని ఈనె

మా ఇంజినీరింగ్ బ్యాచ్ మళ్ళీ కలుస్తున్న సందర్భంగా వేసే సంచికకు వ్యాసం పంపమని కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. నాలుగేళ్ళ గురించీ రాయమన్నారు. కూర్చుంటే మాత్రం మొదటి సంవత్సరం మ్యాథ్స్ క్లాసు తప్ప ఇంకేమీ రావడం లేదు. అరకు టూరు, ఫైనలియర్ ప్రాజెక్టు, అవుట్‌గేట్ టీ కొట్టు గురించి మన క్లాసులో అందరూ ‘జీరో వెక్టర్’ అని పిలిచే మిత్రుడు రాస్తాడు. వాడికి అన్నీ గుర్తే.

1994లో విశాఖలోని ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) ఇంజినీరింగ్ కాలేజీలో చేరేనాటికి నాది పూర్తిగా తెలుగు మీడియం చదువు. సదిశ (వెక్టర్) తెలుసు, మాత్రిక (మ్యాట్రిక్స్) తెలుసు, నిర్ధారకం (డిటర్మినెంట్) తెలుసు. అవే మాటలు ఇంగ్లీషులో గడగడా చెబుతుంటే చెమటలు పట్టేవి. మొదటి నెలంతా బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోవడమే తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంటికి వెళ్ళిపోదామని పెట్టె కూడా సర్దాను. ఆ సంగతి నా రూమ్మేట్‌కి మాత్రమే తెలుసు.

అలాంటి రోజుల్లో మన మ్యాథ్స్ మాష్టారు, తర్వాత మనం ‘ఈనెల మాష్టారు’ అని పిలుచుకున్నాయన, ఒక అట్ట, నాలుగు కొబ్బరి ఈనెలు పట్టుకుని క్లాసుకి వచ్చారు. (అవి మెస్ చీపురువే. ఎవరు లాగి ఇచ్చారో ఇప్పటికైనా ఒప్పుకోవచ్చు.) అట్టకు నిలువుగా ఒక ఈనె గుచ్చి, ‘ఇది నార్మల్. అంటే అభిలంబం’ అన్నారు. ఆ ఒక్క తెలుగు మాట విన్నాక నేను పెట్టె విప్పేశాను.

తర్వాత ఆ అట్టలాంటి ఒక తలానికి (ప్లేన్‌కి) సమీకరణంగా 2x + 3y + 6z = 14 అని బోర్డు మీద రాశారు. ‘ఈ 2, 3, 6 ఉత్త అంకెలు కావు, ఈనె ఎటు చూస్తోందో చెప్పే దిక్కు. దాని పొడవెంత?’ అన్నారు. వాటి వర్గాలు నాలుగు, తొమ్మిది, ముప్ఫైఆరు కలిపితే నలభైతొమ్మిది, దాని వర్గమూలం కావాలి. క్లాసంతా ‘ఏడు!’ అని అరిచింది. పద్నాలుగుని ఏడుతో భాగిస్తే రెండు. మూలబిందువు నుంచి తలానికి దూరం అంతే. ఎంసెట్ బిట్ల కోసం బట్టీ పట్టిన ఫార్ములా ఆ రోజు కళ్ళ ముందు నిలబడింది. ఆ తర్వాత ఏడాదంతా ఎక్కడ ఏ లెక్కకైనా మన జవాబు ‘ఏడు’.

అక్కడితో ఆపకుండా అందరినీ వరండాలోకి తీసుకెళ్ళారు. సముద్రం వైపు నుంచి పొద్దుటి ఎండ. అట్టను మెల్లగా వంచుతూ పోతే ఈనె నీడ పొట్టిదవుతూ వచ్చి, ఒకచోట పూర్తిగా మాయమైంది. ‘ఇప్పుడు సూర్యుడు సరిగ్గా అభిలంబం మీద ఉన్నాడు’ అన్నారు. రెండు ఈనెలను కలవకుండా, సమాంతరంగా కాకుండా గాలిలో పట్టుకుని, రెండింటికీ లంబంగా మూడోది ఎటుండాలో క్రాస్ ప్రోడక్టుతో తీయించింది కూడా అక్కడే.

నిర్ధారకం సున్నా అయితే ఆ మాత్రికకు విలోమం (ఇన్వర్స్) లేదని మనం పెన్ను మూసేసిన రోజు గుర్తుందా? ఈ యూనివర్సిటీలోనే గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు అలాంటి మాత్రికలకూ పనికొచ్చే సాధారణీకృత విలోమం మీద పనిచేశారని మాష్టారు ఎంత గర్వంగా చెప్పారో! 2023లో, 102 ఏళ్ళ వయసులో, రావు గారికి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించినప్పుడు మన గ్రూపులో మొదటి మెసేజ్ నాదే.

ఇప్పుడు నేను కర్నూలు జిల్లాలో సౌర విద్యుత్ పని చూస్తున్నాను. ప్యానెల్ మీద పడే ఎండ, సూర్యుడి దిక్కుకీ ప్యానెల్ అభిలంబానికీ మధ్య ఉన్న కోణం కొసైన్‌ని బట్టి ఉంటుంది. అరవై డిగ్రీలు పక్కకు జరిగితే సగమే. మా దగ్గర అక్షాంశం సుమారు పదిహేనున్నర, కాబట్టి కదలని ప్యానెళ్ళను దక్షిణానికి దాదాపు అంతే వంచుతాం. కొత్తగా చేరిన పిల్లలకు నేను సాఫ్ట్‌వేర్ కంటే ముందు అట్ట, ఈనె ఇస్తాను. మార్చి 21 ప్రాంతంలో, మధ్యాహ్నం పన్నెండున్నరకు కాస్త ముందు, ప్యానెల్ మీద ఆనించిన అట్టపై ఈనె నీడ మాయమవుతుంది. వాళ్ళు ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటారు. మా ఊరి నుంచి ఇంజినీరింగ్ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ ఎండలో నిలబడినప్పుడు మా నాన్న ఇది చూసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మాష్టారు వస్తున్నారని కమిటీ చెప్పింది. ఏడాది చివర ఆయన నాకిచ్చేసిన అట్ట ఇంకా నా దగ్గరే ఉంది, తెస్తాను. ఈనెలు మాత్రం కొత్తవి. పాతవి 2003లో ఇల్లు మారేటప్పుడు విరిగిపోయాయి.