రాత్రి తొమ్మిదింటికి వెలిగే నక్షత్రం

ఇల్లు మారుతున్నాం కాబట్టి ఈసారి క్రిస్మస్ ట్రీ పెట్టవద్దని నిర్ణయించింది నేనే. ఇది 2024 డిసెంబరు మాట. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్‌లో ఏడేళ్లుగా అద్దెకుంటున్న ఇంటిని జనవరి 4 కల్లా ఖాళీ చేయాలి. మెల్టన్ వైపు కట్టించుకున్న ఇల్లు సిద్ధమైంది. డిసెంబరు 20న పిల్లల బడికి వేసవి సెలవులు ఇచ్చారు. హాలు నిండా అట్టపెట్టెలు. ట్రీ ఉన్న పెట్టె అన్నిటికంటే అడుగున పడింది. వచ్చే ఏడాది కొత్త ఇంట్లో ఘనంగా చేసుకుందామని పిల్లలకు సర్దిచెప్పాను.

పెద్దవాడికి పదకొండేళ్లు, వాడు ఊరుకున్నాడు. ఎనిమిదేళ్ల పాప ఊరుకోలేదు. "ఈ ఇంట్లో ఇదే చివరి క్రిస్మస్ కదమ్మా" అంది. ఆ మాటను నేను పట్టించుకోకపోగా, ఏటా అనే మాటే మళ్లీ అన్నాను. "ఇదేం క్రిస్మస్ తల్లీ, చెమటలు కారుతుంటే! క్రిస్మస్ అంటే మా ఊళ్లో చూడాలి."

పాప చేతిలోని టేపు చుట్టను కింద పెట్టింది. "అయితే నేను పుట్టినప్పటి నుంచి మనం చేసుకున్నవేవీ క్రిస్మస్‌లు కావా?" అని అడిగింది. అలిగి అడిగిన ప్రశ్న కాదది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

మాది గుంటూరు జిల్లా, లూథరన్ కుటుంబం. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చిన కథను మా నాయనమ్మ తన ఇంటి మనిషి కథలాగే చెప్పేది. డిసెంబరు అంటే మాకు చలి. తెల్లవారుజామున ధనుర్మాసపు ముగ్గులు, హరిదాసు చిడతల చప్పుడు వీధిలోకి రాకముందే మా కేరల్ రౌండ్స్ ముగిసేవి. రాత్రంతా హార్మోనియం, డోలక్ మోసుకుంటూ, తలకు మఫ్లర్లు చుట్టుకుని ఇంటింటికీ వెళ్లి పాడేవాళ్లం. తలుపు తీసినవాళ్లు వేడివేడి టీ ఇచ్చేవారు. ఆ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని చలి కాచుకున్న స్పర్శ ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది. పండుగ రోజు మా ఇంటి నుంచి ఇరుగుపొరుగుకు కజ్జికాయల పళ్లెం వెళ్లేది. సంక్రాంతికి వాళ్ల ఇంటి నుంచి అరిసెలతో తిరిగి వచ్చేది.

ఆ చలిని పిల్లలకు ఎక్కడి నుంచి తేను? ఇక్కడ డిసెంబరు నడివేసవి. శాంతాక్లాజ్ సముద్రపు ఒడ్డున కనిపిస్తాడు. ఇరుగుపొరుగు మధ్యాహ్నం చల్లటి రొయ్యలు, మామిడిపండ్లు, పైన స్ట్రాబెర్రీలు పేర్చిన పావ్లోవా అనే తీపి వంటకం తింటారు. ఇవన్నీ అరువు తెచ్చుకున్న పండుగలాగా, అసలైనది ఇంకెక్కడో జరుగుతున్నట్టుగా ఇన్నేళ్లూ పిల్లల ముందు మాట్లాడుతూ వచ్చాను. వాళ్లకున్న ఒకే ఒక్క పండుగను నేను ఏటా తక్కువ చేస్తున్నానని పాప అడిగేదాకా తెలియలేదు.

ఆ సాయంత్రం మా ఆయనా నేనూ పెట్టెలన్నీ పక్కకు జరిపి ట్రీ బయటికి తీశాం. దాంతోపాటు కాగితపు నక్షత్రం కూడా వచ్చింది. పెళ్లయిన కొత్తలో గుంటూరులో కొన్నది, మడత పెట్టి సూట్‌కేసు అడుగున వేసుకుని తెచ్చుకున్నాను. ఒక కొస చిరిగితే టేపు అంటించాం. దాన్ని వాకిట్లో కట్టడం మా ఇంట్లో పెద్ద వేడుక. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. గుంటూరులో అయిదున్నర దాటితే చీకట్లు ముసురుకుంటాయి, నక్షత్రం వెలిగించగానే వీధంతా ఎర్రబడుతుంది. మెల్‌బోర్న్‌లో ఆ రోజుల్లో పొద్దు గుంకేసరికే 8:40 దాటుతుంది. చీకటి పడి నక్షత్రం నక్షత్రంలా కనిపించాలంటే తొమ్మిది దాటాలి. నాలుగైదేళ్ల వయసులో పాప దానికోసం మెలకువగా ఉండలేక వాకిట్లో చాప మీదే నిద్రపోయేది. ఎత్తుకుని లోపలికి తీసుకెళ్తుంటే ఒక్కసారి కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకునేది. నేను టీ గ్లాసు వేడిని గుర్తు పెట్టుకున్నట్టు, ఆ ఎర్రటి వెలుగును తనూ గుర్తు పెట్టుకుని ఉంటుంది కదా!

నవంబరులో మా అమ్మ మూడు నెలల వీసా మీద వచ్చింది. సర్దడంలో తనదే పెద్ద చేయి. ఇంగ్లీషు రాయడం రాదు కాబట్టి పెట్టెల మీద లావుపాటి మార్కరుతో తెలుగులోనే రాసింది. వంట సామాను. దుప్పట్లు. పిల్లల పుస్తకాలు. గాజు – జాగ్రత్త. సామాను మోసే మనుషులకు ఎలా అర్థమవుతుందని మొదట్లో కంగారు పడ్డాను, తర్వాత వదిలేశాను. ఆదివారాల్లో తెలుగు అక్షరాలు నేర్పాలని నేను కూర్చుంటే ఏవో సాకులు చెప్పే పాప, తన రంగు పెన్సిళ్లు ఏ పెట్టెలో పోయాయో వెతుక్కోవడానికి వాటిని ఒక్కొక్కటే కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. "గా... జు... గాజు!" అని అరుస్తూ అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తేది. అవసరం పడితే అక్షరం ఎంత తొందరగా వంటబడుతుందో అప్పుడు చూశాను.

ఇరవై నాలుగో తేదీ రాత్రి చర్చికి వెళ్లాం. తెలుగువాళ్లం అద్దెకు తీసుకున్న హాలు అది. మేము వచ్చిన కొత్తలో ఇరవై మంది కూడితే గొప్ప. 2021 జనాభా లెక్కల నాటికే ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేలు దాటారు, ఇప్పుడు కుర్చీలు సరిపోవడం లేదు. తలుపులన్నీ బార్లా తీసి, ఫ్యాన్ల హోరులో పాడాం. పండుగ పిండివంట కోసం ఇరవై అయిదున తెల్లవారుజామున నాలుగున్నరకే అమ్మా నేనూ పొయ్యి వెలిగించాం, ఎండ ఎక్కితే ఆ వంటింట్లో నిలబడలేం. ఏడు కొట్టేసరికి కజ్జికాయలు, కోడి పలావు అయిపోయాయి. పక్కింటి వాళ్లకు పాప పళ్లెం పట్టుకెళ్లింది. పళ్లెం ఖాళీగా తిరిగి రాలేదు, చెర్రీపండ్లతో వచ్చింది. అమ్మ ఆ పళ్లెం అందుకుని, "ఇక్కడా ఆనవాయితీ ఉందే!" అని సంబరపడింది.

మర్నాడు నలభై డిగ్రీల దాకా పోతుందని ముందే హెచ్చరించారు. ఇక్కడికి దాదాపు 250 కిలోమీటర్ల దూరాన గ్రాంపియన్స్ కొండల్లో వారం రోజులుగా కార్చిచ్చు. రాష్ట్రమంతటా ఆ రోజు బయట నిప్పు రాజేయడం నిషేధం. అమ్మకు ఆ సంగతి తెలియదు. చిత్తుకాగితాలూ చిరిగిన అట్టముక్కలూ పెరట్లో ఒక మూలకు చేర్చి అగ్గిపెట్టె అడిగింది, ఊళ్లో చేసినట్టే కాల్చేద్దామని. పెద్దవాడు పరుగున వెళ్లి ఆమె చేయి పట్టుకున్నాడు. "వద్దు అమ్మమ్మా, ఈ రోజు గాలి ఉత్తరం నుంచి వస్తుంది. ఎడారి మీద నుంచి వచ్చే గాలి. ఒక్క నిప్పురవ్వ చాలు, ఊరంతా పోతుంది" అన్నాడు. బడిలో నేర్చుకున్నదాన్ని వాడు తెలుగులో చెప్పాడు. అంత పొడవైన తెలుగు మాట వాడి నోట నేను అంతకుముందు వినలేదు. అమ్మ అగ్గిపెట్టె వాడి చేతిలోనే పెట్టి, "నీ నేల సంగతి నీకే తెలుసు నాన్నా" అంది.

నీ నేల. ఆ మాట నాలో చాలాసేపు నిలిచిపోయింది. వాడు పుట్టింది, గాలి దిక్కు చూసి వాతావరణం చెప్పడం నేర్చుకున్నది ఇక్కడే. నేను ఏడేళ్లుగా "అద్దె ఇల్లు" అంటున్నది వాళ్ల దృష్టిలో సొంత ఊరు. ఆ రోజంతా కర్టెన్లు మూసి, ఒక్క ఏసీ ఉన్న హాల్లో పెట్టెల మధ్య పరుపులు వేసుకుని టీవీలో భారత్–ఆస్ట్రేలియా టెస్టు చూశాం. పందొమ్మిదేళ్ల శామ్ కాన్‌స్టాస్ మొదటి టెస్టులోనే బుమ్రా బంతిని వెనక్కి ఎగరేసి సిక్సర్ కొడితే పెద్దవాడు పరుపు మీద గంతులేశాడు. అతడిదీ మనలాగే వేరే దేశపు మూలాలున్న కుటుంబమేనని, గ్రీకువాళ్లని నేను చెబితే, "అయితే ఏం, అతను సిడ్నీ వాడు" అన్నాడు. సాయంత్రం దక్షిణపు గాలి తిరగ్గానే కిటికీలన్నీ తెరిచాం. ఆ చల్లదనానికి పిల్లలు చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తారు. చుట్టుపక్కల పిల్లలందరూ అప్పటికే అక్కడ ఉన్నారు.

ఇరవై ఎనిమిది, శనివారం. టీవీ కూడా పెట్టెలోకి వెళ్లాల్సిన రోజు. ఎనిమిదో స్థానంలో ఆడుతున్న విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి వల్ల వెళ్లలేదు. 99 పరుగుల దగ్గర ఉండగా అవతలి వైపు బుమ్రా అవుటయ్యాడు. చివరి ఆటగాడిగా హైదరాబాదీ సిరాజ్ వచ్చాడు. కమిన్స్ వేసే మూడు బంతులు అతను కాచుకోవాలి. క్రికెట్ తెలియని మా అమ్మ కూడా సర్దుతున్న గిన్నెలు వదిలి వచ్చి కూర్చుంది. మూడు బంతులూ గడిచాయి. తర్వాతి ఓవరులో నితీశ్ ఫోరు కొట్టి, బ్యాట్ నిలబెట్టి దానికి హెల్మెట్ తగిలించి మోకాలి మీద కూర్చున్నాడు. గ్యాలరీలో వాళ్ల నాన్న కన్నీళ్లు పెట్టుకుంటూ కనిపించారు. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రెండు రోజుల క్రితం కాన్‌స్టాస్ కోసం గంతులేసిన మావాడు ఆస్ట్రేలియా టోపీ తలమీదే పెట్టుకుని నితీశ్ కోసమూ గంతులేశాడు. ఒకప్పుడైతే ఎవరి పక్షమో చెప్పమని అడిగేదాన్ని. ఆ రోజు అడగలేదు.

జనవరి 3 రాత్రి ఇల్లంతా ఖాళీ అయ్యాక మిగిలింది ట్రీ, నక్షత్రం. పాప నక్షత్రాన్ని తనే విప్పి మడత పెడతానంది. కొత్త కాలనీలో ఇళ్లన్నీ ఒకేలా ఉన్నాయని, చీకట్లో మనది ఏదో ఎలా తెలుస్తుందని రెండు రోజులుగా దిగులు పడుతోంది. నేను ఏమీ చెప్పకముందే అమ్మమ్మ దగ్గర మార్కరు అడిగి తీసుకుంది. అట్టపెట్టె మీద వంగి, నాలుక కొస బయటపెట్టి, చాలాసేపు రాసింది. "క్ష" దగ్గర ఆగి అమ్మమ్మ వైపు చూసింది. అమ్మ గాలిలో వేలితో గీసి చూపించింది.

పెట్టె మీద ఇలా ఉంది: నక్షత్రం. ముందు దీన్ని తెరవాలి.