‘మాతృదేవో భవ’ తర్వాతి మాట

మాతృదేవో భవ, పితృదేవో భవ, ఆచార్యదేవో భవ, అతిథిదేవో భవ. ఈ నాలుగూ రాని తెలుగిల్లు ఉండదు. పిల్లాడు ఒక్క మాట ఎదురు చెప్తే చాలు, మనకు తైత్తిరీయోపనిషత్తు గుర్తొస్తుంది. అందరం అతిథి దగ్గర ఆపేస్తాం. ఈ మాటలున్న చోటు, ఆ ఉపనిషత్తు మొదటి భాగమైన శిక్షావల్లిలో పదకొండో అనువాకం, అక్కడ ఆగలేదు. వెంటనే ఇలా అంటుంది:

యాన్యనవద్యాని కర్మాణి, తాని సేవితవ్యాని, నో ఇతరాణి.
యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి.

చదువు పూర్తిచేసుకుని ఇంటికి బయల్దేరుతున్న శిష్యుడికి గురువు చెప్పే మాటలివి. నన్ను దేవుడిలా చూడు అన్న నోటితోనే, నింద లేని పనులే చెయ్యి, మాలో మంచి నడవడి ఏముందో దాన్నే పట్టుకో, తక్కినది వదిలెయ్ అంటున్నాడు. దీనికి భాష్యం రాసిన శంకరులు ఇంకాస్త విప్పి చెప్పారు: అందుకు విరుద్ధమైనవి ఆచార్యుడు చేసినవైనా సరే పనికిరావని. ‘అస్మాకం’ అన్న మాట చూడండి. ఎవరిలోనో కాదు, మాలో. ఏళ్ల తరబడి గురువు పక్కనే ఉన్న శిష్యుడు ఆయన కోపం చూశాడు, విసుగు చూశాడు. అది గురువుకూ తెలుసు. గడప దాటించే ముందు ఆ సంగతి తనే చెప్పేస్తున్నాడు.

ఈ వాక్యం పిల్లల కోసం అనుకుంటూ వచ్చాను చాలా ఏళ్లు. ఇది మన కోసం. నలభై దాటి, పైన పెద్దవాళ్లనూ కింద పిల్లలనూ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డ మన కోసం.

నాకిప్పుడు యాభై రెండు. బెంగళూరు వచ్చి పాతికేళ్లు. బనశంకరిలో ఉంటాం. అత్తయ్యగారికి ఎనభై దాటాయి, మతిమరుపు. మా అబ్బాయి సెకండ్ పీయూ, అంటే మన ఇంటర్ రెండో ఏడు. పోయిన ధనుర్మాసంలో ఒకరోజు పొద్దున్నే, నేను పొంగలి దింపుతున్నాను. అత్తయ్యగారు వాణ్ణి మాత్ర వేసుకున్నానా నాన్నా అని అడిగారు. వేసుకున్నావు అన్నాడు. మళ్లీ అడిగారు. మూడోసారి అడిగేసరికి, ‘అబ్బబ్బా, ఎన్నిసార్లు చెప్పాలి నాయనమ్మా నీకు!’ అని అరిచాడు. నేను గరిటె అక్కడ పడేసి వచ్చి వాణ్ణి దులిపేశాను. చిన్నప్పుడు వేదం క్లాసుకు పంపింది ఇందుకా, మాతృదేవో భవ అని స్వరంతో సహా చెప్పేవాడివి, అదంతా ఏమైంది అన్నాను. వాడు నెమ్మదిగా, ‘దాని తర్వాత మాట కూడా నేర్పారమ్మా, నో ఇతరాణి అని’ అన్నాడు. బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు నాకు వినబడింది. ‘అబ్బబ్బా’ అన్న ఆ సాగదీత, ‘ఎన్నిసార్లు’ దగ్గర గొంతు పైకి లేవడం, అన్నీ నావి. వాడు ఆ విసుగు వీధిలో నేర్చుకోలేదు. మా వంటింట్లో, నా దగ్గర నేర్చుకున్నాడు. స్టవ్ మీద పొంగలి అడుగంటి వాసన వస్తోంది, నేను అలాగే నిలబడిపోయాను.

మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లకు ఎరిక్ ఎరిక్సన్ తెలిసే ఉంటాడు. 1950లో ఆయన మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. ఏడోది నడివయసు. ఆ వయసులో మనిషి వెనక వచ్చేవాళ్లను పెంచి, నేర్పి, నిలబెట్టే పనిలో పడతాడు. పడకపోతే నిలవనీరులా తనలో తానే ఆగిపోతాడు. అందుకు సొంత పిల్లలే ఉండనక్కర్లేదనీ, పెద్దలకు కూడా తాము ఒకరికి అవసరమవడం అవసరమనీ అన్నాడు. ఈ దశ బాగా గడిచినవాడికి అబ్బే గుణానికి ఆయన పెట్టిన పేరు ‘కేర్’. నాకు ఆ మాట దగ్గర అదే అనువాకంలోని ‘శ్రద్ధయా దేయం’, శ్రద్ధతో ఇవ్వాలి అన్న మాట, వినిపిస్తుంది. ఆయనే 1969లో గాంధీగారి నడివయసు మీద, 1918లో అహ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మె నడిపిన రోజుల మీద పెద్ద పుస్తకం రాశాడు. ఎంతో భక్తితో రాస్తూ రాస్తూ మధ్యలో ఆపి, ఎప్పుడో కాలం చేసిన గాంధీగారికే ఉత్తరం రాసినట్టు, మీ ఇంటివాళ్ల విషయంలో మీరు చేసిన కొన్ని పనులు నాకు మింగుడు పడలేదని చెప్పుకున్నాడు. అంతటి మనిషి ముందు కూడా ‘సుచరితాని’ తీసుకుని ‘ఇతరాణి’ పక్కన పెట్టడం అంటే అదే. ప్రేమ తగ్గిందని కాదు.

అదే అనువాకంలో ‘ప్రజాతంతుం మా వ్యవచ్ఛేత్సీః’ అని ఉంది. సంతానమనే దారాన్ని తెంపకు. దీన్ని పెళ్లి సంబంధాల మాటగా వాడేస్తారు, పిల్లలు లేనివాళ్ల మనసు నొచ్చుకునేలా. అలా వాడకండి, దయచేసి. శంకరులు సంతానం అనే అర్థమే చెప్పారు, కాదనను. కానీ దారం పుట్టుకతోనే తెగకుండా ఉంటుందా? కన్నబిడ్డతో పదేళ్లు మాటల్లేని ఇళ్లు ఎన్ని చూడలేదు? పెళ్లి చేసుకోని మా ఊరి టీచరమ్మ వెనకాల మాత్రం దారం ఇంకా సాగుతూనే ఉంది.

ఇక ఇవ్వడం గురించి. శ్రద్ధయా దేయం, అశ్రద్ధయాఽదేయం, శ్రియా దేయం, హ్రియా దేయం, భియా దేయం, సంవిదా దేయం. శ్రద్ధతో ఇవ్వు, అశ్రద్ధతో ఇవ్వకు, ఉన్న సిరికి తగ్గట్టు ఇవ్వు, సిగ్గుతో, భయంతో, మైత్రితో ఇవ్వు అని. నాకు వీటన్నింటిలో ప్రాణం ‘హ్రియా దేయం’. సిగ్గుతో ఇవ్వాలట! ఇచ్చేవాడు తలవంచుకుని, ఇంతేనా ఇవ్వగలుగుతున్నాను అనుకుంటూ ఇవ్వాలి. మనం ఏం చేస్తున్నాం? కోచింగ్ ఫీజు ఎంత, డొనేషన్ ఎంత, నీ కోసం నేను ఉద్యోగం మానేశాను తెలుసా, ఇలా లెక్క చదివి ఇస్తున్నాం. నేనూ చదివాను ఆ లెక్క, ఒకసారి కాదు. ‘సంవిదా’ అంటే మైత్రితో అని భాష్యం. స్నేహితుడికి ఎవరైనా బిల్లు చూపిస్తారా?

ఈ దృష్టితో భోగిపళ్ళు చూడండి. పోయించుకునేది బిడ్డ కాబట్టి అది బిడ్డ పండుగ అనుకుంటాం. నా మనసుకు మాత్రం అది పోసే చేతుల పండుగ. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర గుప్పిట నిండా తీసుకుని, మూడుసార్లు దిష్టి తిప్పి, నెత్తిన వదిలేస్తాం. వదిలేశాక మన చేతిలో ఏమీ ఉండదు. పిల్లలు వంగి చిల్లరా చెరుకూ ఏరుకుంటారు. దిష్టి తీసిన రేగిపళ్ళు ఎవరూ తినరు, ఊడ్చేస్తాం. ఏది ఏరుకోవాలో ఏది ఊడ్చెయ్యాలో ఆ పీట చుట్టూనే ఉంది.

ఈ ఏడు ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌కు పేరంటానికి పిలిస్తే వెళ్లాను. ముప్పై మంది పిల్లల్ని ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టారు. మైకులో ఒకమ్మాయి వన్ టూ త్రీ అంటోంది. ప్యాకెట్ చింపి ఒక్కసారిగా కుమ్మరించడం, వీడియో సరిగ్గా రాలేదని మళ్లీ ఏరి మళ్లీ పోయడం. దిష్టి తీసి పారబోసిందాన్ని తిరిగి బిడ్డ నెత్తిన ఎలా పోస్తారండీ? అమ్మమ్మలు, తాతయ్యలు వెనక వరసలో కూర్చుని ఉన్నారు. మొదట పోయాల్సినవాళ్లు వాళ్లు. వాళ్లను లెమ్మని ఒక్కరూ అనలేదు. నాకు కడుపు తరుక్కుపోయింది.

అమ్మలూ, నాన్నలూ, ఒక్క మాట వినండి. వచ్చే భోగికి ముందురోజు గాంధీబజారుకో మల్లేశ్వరం ఎనిమిదో క్రాసుకో మీరే వెళ్లండి. ఎలచిహణ్ణు అని అడిగితే రేగిపళ్ళు ఇస్తారు, కన్నడ ఇళ్లలో కూడా సంక్రాంతికి పిల్లల నెత్తిన అవి పోసే ఆనవాయితీ ఉంది. పుచ్చులు ఏరెయ్యండి. ఫోను లోపల పెట్టెయ్యండి. పోసేటప్పుడు మనసులో ‘నో ఇతరాణి’ అనుకోండి, నా విసుగు నీకు వద్దు, నా భయం నీకు వద్దు అని.

మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు. క్లబ్‌హౌస్ నుంచి వచ్చి, మా ఇంట్లో పనిచేసే అమ్మాయి మూడేళ్ల కూతుర్ని పీట మీద కూర్చోబెట్టాం. అత్తయ్యగారిని మొదట పోయమన్నాను. ‘పోశానా?’ అని అడిగారు. ‘లేదు నాయనమ్మా, ఇప్పుడే’ అన్నాడు మావాడు. ఒక గుప్పెడు పోసి మళ్లీ అడిగారు. ‘ఇంకోసారి పొయ్యి’ అన్నాడు. ఆవిడ చెయ్యి వణుకుతోంది. వాడు మణికట్టు కింద తన చెయ్యి ఆనించి పాప నెత్తి మీదకు తీసుకొచ్చాడు. పళ్ళు సగం పాప జుట్టులో, సగం వాడి అరచేతిలో పడ్డాయి.