ఒక్కసారి కొలిచి తేల్చేయకండి

మే నెల బెజవాడ ఉక్కపోతలో చేసిన ఫిట్‌నెస్ టెస్టును డిసెంబరు రిపోర్టు పక్కన పెట్టి, "మీ స్టామినా పడిపోయిందండీ" అని మా బావగారికి చెప్పేశారు జిమ్ వాళ్లు. అప్పట్నుంచీ ఆయనకు ఒకటే టెన్షన్. నాకైతే చాలా బాధేసింది.

వేడిలో ఒంటిని చల్లబరచడానికి చర్మానికి రక్తం ఎక్కువ వెళ్లాలి. చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. అదే వేగంతో పరుగెత్తినా గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సిందే. పైగా ఆ టెస్టుకు ముందు రాత్రి కరెంటు పోయి ఆయనకు నిద్ర కూడా లేదు!

గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో చెప్పడానికి 220 లోంచి వయసు తీసేసే లెక్క కూడా సగటు మాత్రమే. ఒకే వయసువాళ్లలో పది, పన్నెండు బీట్ల తేడా మామూలు. అమెరికా డాక్టర్ కెన్నెత్ కూపర్ 1968లో ప్రచురించిన 12 నిమిషాల పరుగు పరీక్షా అంతే, ఆక్సిజన్ వాడకాన్ని నేరుగా కొలవదు, పరుగెత్తిన దూరాన్ని బట్టి అంచనా కడుతుంది. ట్రెడ్‌మిల్ మీద రాడ్డు పట్టుకుని నడిస్తే అంచనా ఉన్నదానికంటే ఎక్కువే వస్తుంది.

అదే మెషిన్, అదే టైమ్, ముందురోజు సరైన నిద్ర. ఇలా మళ్లీ కొలవమని జిమ్ వాళ్లను గట్టిగానే అడిగాను. రిపోర్టులో గది ఉష్ణోగ్రత కూడా రాయమన్నాను.